కళ్లజోళ్ల మామ్మ జప్తు

మా వీధి మలుపులో కళ్లజోళ్ల కొట్టు మామ్మది. మా పేట ప్రార్థన మందిరంలో సగం మందికి చూపు ఆమె చలవే. ఆ మందిరంలో జబ్బుకి మందు వాడటం మహాపాపం. మామ్మ కొడుకూ కోడలూ అక్కడ చేరాక, జ్వరం మాత్రతో సహా వైద్యశాస్త్రాన్నంతా చెత్తబుట్టలోకి సగౌరవంగా సాగనంపారు.

మనవరాలు ఊపిరందక ఎగశ్వాస తీస్తున్న సాయంత్రం, మామ్మ పిల్లను చంకనెత్తుకుంది. కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“దాన్ని దింపమ్మా. దేవుడు చూస్తూనే ఉన్నాడు.”

“చూడనీరా. ఆయనకి జోడు అక్కర్లేదు. నీకే కావాల్సొచ్చింది.”

“జోడు మందు కాదమ్మా.”

“కాదు. దేవుడిచ్చిన చూపు చాలక నేను బిగించిన అద్దం.” మామ్మ అతని ముక్కు మీది జోడు లాగి సంచిలో వేసుకుంది. “ప్రార్థన చేసుకో నాన్నా. చూపు రాగానే మమ్మల్ని ఆపుదువుగాని.”

జోడు లేకపోతే అతనికి గుమ్మమూ గోడా ఒకటే. ధర్మరక్షణకు చాచిన చేతులు మామ్మ వెనకే వస్తున్న కోడల్ని పట్టుకున్నాయి. మామ్మ దర్జాగా మెట్లు దిగి ఆటో ఎక్కింది.

ఆస్పత్రిలో పిల్లకు ఆక్సిజన్ పెట్టి, సూదిమందు వేశారు. కాసేపటికి కోడలి భుజం పట్టుకుని తడుముకుంటూ కొడుకు వచ్చాడు.

“అమ్మా, పాప ఎలా ఉంది? నాకేం కనబడట్లేదు.”

మామ్మ అతని చేతిని పిల్ల గుండెల మీద పెట్టింది. ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. అతను చెయ్యి తియ్యలేదు.

“జోడివ్వమ్మా.”

“మందుల కోర్సు అయ్యాక ఇస్తాను. అందాకా పిల్లని డాక్టరమ్మా నేనూ చూసుకుంటాం. దేవుడు కూడా చూస్తానంటే నాకేం అభ్యంతరం లేదు.”