మూత తీయని గిన్నె

మొన్న పామర్రు సెంటర్లో బస్సు మారుతూ కాఫీ తాగుదామని కూర్చున్నాను గానీ, ఒక్క గుక్క నోట్లో పడగానే నా నాలుక ఊరుకోలేదు. ఈ నీళ్లెక్కడివని అడిగితే, టిన్ను నీళ్లేనండీ అమ్మగారూ అని కొట్టాయన నవ్వాడు. నవ్వితే నాకు మరీ అనుమానం. మీలో కాలవ శివారు ఊళ్లలో కాపురం చేసినవాళ్లుంటే ఈ జబ్బు ఎలా అంటుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నాకది నాగాయలంక దాటాక ఉన్న మా అత్తవారి ఊళ్లో అంటుకుంది. మాకున్నది రెండెకరాల చెక్క, ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి దాని మీదే. పైవాళ్లు తడుపుకోగా మిగిలిన నీళ్లే మాకు దక్కేవి కనుక, మా మావగారు తూము ఎత్తే ముందు ఉప్పు తగులుతుందేమోనని దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని పుక్కిలించి, ఉమ్మేసి, అప్పుడు "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ" వినపడితేగాని చేలోకి చుక్క వెళ్లేది కాదు.

తొంభైల చివర్లో మా పక్క చేనాయన, వరసకు మా ఆయనకు బావ, నాకు అన్నయ్య, వరి మానేసి రొయ్యల చెరువు తవ్వించాడు. ఆ ఏడే వానలు మొహం చాటేశాయి, కాలవ ఎండింది, వరి ఊడ్చిన మా చేను కొసలు ఎర్రబడి గట్టు పొడుగునా తెల్లగా చవుడు తేలింది. ఇంకేముంది, అందరి కళ్లూ అన్నయ్యగారి మీదే! చెరువు ఉప్పునీళ్లు దొంగచాటుగా మన చేలోకి వదులుతున్నాడని మావగారు, వదలకపోయినా ఊరుతున్నాయని మా ఆయన, అన్నయ్యగారి ఆవిడ నన్ను చూసి తల దించుకుంటోంది కాబట్టి వదులుతున్నారనే నేను. వాళ్లు పంపిన రొయ్యల కూర గిన్నెను మూతైనా తీయకుండా తిప్పి పంపించాను. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదులే అని మా అత్తగారు గోడవతలికి వినపడేలా అంది.

ఆ మాట తగిలిందో ఏమో, ఒక పొద్దున అన్నయ్యగారు రెండు చెంబులతో గట్టు మీదికొచ్చాడు.

"మావయ్యా, ఇవి నా చెరువు నీళ్లు, ఇవి మురుగుకాలవవి. ఏది ఎక్కువ ఉప్పో నువ్వే చెప్పు" అన్నాడు.

మావగారు రెండూ పుక్కిలించారు. మురుగుకాలవవే కటిక ఉప్పు. ఎగువనుంచి మంచినీళ్లు లేకపోయేసరికి చేల మురుగు సముద్రంలోకి పోయే ఆ కాలవలోకి పోటు ఎదురెక్కి, మా చేల అడుగునుంచి ఊరుతోందన్నమాట. అయినా ఆయన "ఊఁ" అనలేదు.

"చెంబులు మార్చావేమో అల్లుడూ" అన్నారు.

అన్నయ్యగారి కళ్లలో నీళ్లు తిరిగాయట. నేను మాత్రం ఆయన కళ్లు చూడలేదు, చెంబులే చూస్తున్నాను.

ఆ ఏడు గింజ ఇంటికి రాలేదు, ఆ పైయేడూ అంతే. ఆఖరికి మా చెక్కా చెరువే అయింది. నీళ్లు పెట్టిన కొన్నాళ్లకే, మాకు ఇవతల ఇంకా వరి వేస్తున్న రైతు గట్టు మీద వంగి దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, మా వైపు చూస్తూ ఉమ్మాడు. మావి కావండీ, పోటు నీళ్లండీ అన్నాను. నవ్వి గట్టు దిగాడు.

ఇప్పుడా దారిన వెళ్తే బస్సు కిటికీలోంచి అన్నీ చెరువులే, నీళ్లు రుచి చూసి తూము ఎత్తేవాళ్లు లేరు. మావగారూ లేరు, అన్నయ్యగారూ లేరు. ఏ నీళ్లయినా పట్టేసే నాలుక నాకుంది గానీ, ఆనాటి ఆ కూరలో ఉప్పు సరిపోయిందో లేదో దానికి ఎప్పటికీ తెలియదు.