చిన్నమ్మ పెట్టిన చెనిక్కాయ ఉండ

మా ఇళ్లల్లో రాగిముద్దను ఎవరూ నమలరు. పులుసులో అద్ది గుటుక్కున మింగుతారు. ఎనిమిదో తరగతిలో నేను ముద్ద నమలడం మొదలుపెట్టాను. నమిలినా దిగేది కాదు, రొమ్ము వెనక ఎక్కడో ఆగిపోయేది. లేచి నిలబడి చెంబెడు నీళ్లు తాగితే కాస్త జారేది. లేకపోతే పెరట్లోకి పరుగే.

"ముద్ద నమిలేదేందే? పండ్లు లేని ముసల్ది గూడా మింగుతాది" అని అమ్మ కసిరేది. వానలు లేక రాగులు కొనుక్కుని తింటున్న రోజులు. తిన్నదంతా కక్కి పారబోసే కూతురి మీద ఏ తల్లికి కోపం రాదు?

నా లంగా నడుము మీద నిలవడం మానేశాక అమ్మ కోపం భయమైంది. మాది కర్ణాటక అంచు, దగ్గరి టౌను పావగడలో డాక్టరు గ్యాస్ అని మాత్రలిచ్చాడు. తగ్గలేదు. ఎవరో మందు పెట్టారని ఊళ్లో అన్నారు. మందు పెట్టడమంటే గిట్టనివాళ్లు తిండిలో ఏదో కలిపి తినిపించడం. అది కడుపులో అరగకుండా కూర్చుని మనిషిని ఎండగడుతుందని మా వైపు నమ్మకం. సరిహద్దు దాటి ఆంధ్రాలోకి పోతే దాన్ని కక్కించే ఆయన ఉన్నాడని విని, అమ్మ నన్ను బస్సెక్కించింది.

ఆయన ఏదో ఆకుపసరు తాగించాడు. అంతా బయటికొచ్చింది. అందులో వేరుశనగ పలుకులు తిన్నవి తిన్నట్టే ఉన్నాయి.

"ఇది ఎప్పుడు తినినావు పాపా?"

"నిన్న."

"నిన్న తినింది ఈపొద్దుకీ అరగలేదంటే ఏందమ్మా? ఎవురు పెట్టినారు?"

"చిన్నమ్మ. ఉండ చేసి పెట్టింది" అన్నాను.

అబద్ధం కాదు. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య, గోడకు అవతలి ఇల్లు. నేను ముద్ద తినలేకపోతున్నానని చెనిక్కాయలు దంచి, బెల్లం కలిపి ఉండ చేసి, చాటుగా పిలిచి పెట్టింది. బావి నీళ్ల వంతు దగ్గర గొడవై మా నాన్నకూ చిన్నాయనకూ మాటల్లేవు మరి. ఆ చాటే ఆమె కొంప ముంచింది.

బస్సు దిగుతూనే అమ్మ ఆమె గుమ్మం ముందు కొంగు దోపుకుని నిలబడింది. "నా బిడ్డ నీకేం చేసిందే?" అని దుమ్మెత్తి పోసింది.

"నేనట్లా చేస్తానా అక్కా?" అని చిన్నమ్మ నా వైపు చూసింది.

ఆ ఉండ తినడానికి ఎన్నో నెలల ముందునుంచే నాకీ బాధ ఉంది. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు? నోరు విప్పలేదు. నిజానికి నాకూ అనుమానం కలిగింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత వీధిలో ఎవరూ ఆమె చేతి మజ్జిగ కూడా తాగలేదు. కళ్లంలో చెనిక్కాయలు కోసే ఆడవాళ్లు ఒకరి సద్ది ఒకరు పంచుకునేవారు. చిన్నమ్మ దూరంగా కూర్చుని తన సద్ది తానే తినేది.

చివరికి నాన్న నన్ను బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు, అమ్మా వచ్చింది. సున్నపు నీళ్లలాంటి తెల్లటిదేదో తాగించి ఎక్స్‌రే తీశారు. అన్నవాహిక పైన సంచిలా ఉబ్బి, కింద ఎలుక తోకలా సన్నబడి ఉంది. అకలేసియా అన్నాడు డాక్టరు. చాలా అరుదట. కింది కొసన కండరం వదులు కాక, తిన్నది కడుపుదాకా పోకుండా పైనే నిలిచిపోతుందట.

అమ్మ ఒక్కటే అడిగింది. "నిన్న తినింది ఈపొద్దు అట్లే వస్తాదా సార్?"

"వస్తుంది. కడుపులోకే పోలేదు కదమ్మా, ఎట్లా అరుగుతుంది?"

అమ్మ బెంచీ మీద కూలబడింది. అప్పుడామె కళ్లముందు ఎవరున్నారో నాకు తెలుసు.

ఆపరేషనయ్యి, కొన్నాళ్లకు మళ్లీ ముద్ద మింగగలిగాక, అమ్మ నా చెయ్యి పట్టుకుని చిన్నమ్మ ఇంటికి నడిచింది. గడప దగ్గరే ఆగిపోయింది.

"డాక్టరు జబ్బన్నాడు చెల్లీ. తప్పయిపాయె."

చిన్నమ్మ పీటలు వేసింది. లోపలికెళ్లి పళ్లెంలో చెనిక్కాయ ఉండ తెచ్చింది. నేను చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు. ఒక ముక్క తుంచి, మేము చూస్తుండగా తన నోట్లో వేసుకుంది. నమిలి మింగి, నోరు తెరిచి అమ్మకు చూపించింది. అప్పుడు పళ్లెం నా ముందుకు జరిపింది.

"ఇంగ తిను పాపా."

తిన్నాను. సులువుగా దిగింది. అంత సులువుగా దిగినందుకే నాకు ఏడుపొచ్చింది.