ఒక్కరినీ దించకుండా

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ జరగండమ్మే. బస్సు కండక్టరుగా ఉన్నప్పుడు "జరగండమ్మా, కాస్త లోపలికి జరగండి" అని అరిచీ అరిచీ, చివరికి ఆ మాటే పేరై కూర్చుంది. కిక్కిరిసిన బస్సులో ఇంకో నలుగురికి చోటు పుట్టించడంలో డిపో మొత్తానికి ఆమెకు సాటి లేరు. చంటిబిడ్డతో తల్లి ఎక్కితే ముందు సీటు, తర్వాతే టికెట్టు. అలాగని ఇంకొకరిని దించేసిందా అంటే, సర్వీసులో ఏనాడూ దించలేదు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు ఆమె కాస్త నిటారుగా కూర్చునేది.

మోకాళ్లు మొరాయించాక ఆమెను టికెట్ మిషన్లు చూసే గదికి మార్చారు. అక్కడి కంప్యూటరు మాటిమాటికీ చోటు లేదని మొండికేసేది. మెకానిక్ వచ్చి డిస్కంతా తుడిచేసి, అన్నీ మొదటినుంచి ఎక్కించి వెళ్లేవాడు.

"ఎందుకు బాబూ, ఉన్నవాళ్లందర్నీ దింపేసి బస్సు కడిగి మళ్లీ ఎక్కించడం? కాస్త జరపలేమా?" అని అడిగిందొకరోజు.

జరపొచ్చని అతనే చెప్పాడు. ఓపిగ్గా నేర్పాడు కూడా. ఉద్యోగం మానేశాక జిరాక్సు షాపులో ఓ మూల బల్ల వేసుకుని ఆమె చేస్తున్నది ఆ పనే. తెలియనివాళ్లకు ఆమె ఇలా చెప్పేది: డిస్కు ఒక పొడవాటి బస్సు. మధ్యలో అడ్డుగోడ. గోడకు ముందున్న భాగం సి, అందులో కంప్యూటరును నడిపే సరంజామా ఉంటుంది. వెనక భాగం డి, అందులో మన సామాను. ముందు భాగం నిండిపోతే బస్సు మార్చక్కర్లేదు, గోడ జరిపితే చాలు.

ఆ గోడ ఒకసారి సొంత కూతురి దగ్గరే జరపాల్సి వచ్చింది.

కూతురు పసిపిల్లల చెవులు పరీక్షించే చిన్న గది నడుపుతోంది. నిద్రపోతున్న బిడ్డ చెవిలో మెత్తటి బిరడా పెడితే, లోపలి చెవి ఎలా పలికిందో తెరమీద గీతలుగా కనిపిస్తుంది. ఓ ఉదయం ఆ గీతలు సగంలో ఆగిపోయాయి. సి డ్రైవ్ నిండిపోయింది. ఆ ప్రోగ్రాము చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. తుడిచేస్తే మళ్లీ ఎక్కించడానికి అది ఎక్కడా దొరకదు. సాయంత్రం ఒక బిడ్డ రావాలి. ఆస్పత్రిలో చేసిన పరీక్ష తేలలేదని, ఆ బిడ్డ తల్లి అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి ఏడ్చింది.

"అత్తయ్యగారూ, నా మాట వినండి. ఫార్మాట్ కొట్టించేద్దాం, ఏదైతే అదవుతుంది" అన్నాడు అల్లుడు, చంకలో తన పిల్లతో.

"నిన్నూ ఫార్మాట్ కొట్టి మళ్లీ మొదటినుంచి పెంచమని మీ అమ్మకి చెప్పనా బాబూ?"

కూతురికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "అమ్మా, ఇది పోతే నా గది మూసుకోవడమే."

"తెలుసే. అందుకేగా చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చాను."

డి లో ఉన్న పిల్లల రిపోర్టులన్నీ ముందుగా బయటి డిస్కులోకి కాపీ చేయించింది. తర్వాత డి ని కుదించింది. బోలెడంత ఖాళీ వచ్చింది. ధీమాగా సి మీద నొక్కి చూస్తే, 'పెంచు' అనే మీట బూడిదరంగులో వెలవెలబోతూ ఉంది. ఎంత నొక్కినా కదల్లేదు.

జరగండమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. ఖాళీ వచ్చిందైతే వచ్చింది, బస్సు చిట్టచివర వచ్చింది. సి కీ దానికీ మధ్య డి బైఠాయించి ఉంది.

"ఛ! నా కండక్టరు బుద్ధి ఏ గంగలో కలిసిందో" అని నుదురు కొట్టుకుంది. "వెనక సీటు ఖాళీ చేసి, ముందు డోరు దగ్గర నిలబడ్డవాళ్లని కూర్చోమంటే ఎలా కూర్చుంటారు? మధ్యవాళ్లు వెనక్కి జరగాలి."

"ఇప్పుడెలా?" అంది కూతురు.

"నడుస్తున్న బస్సులో ఇంతమందిని జరపలేం. ఆపి జరపాలి."

ఆమె సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి, కంప్యూటరును దాని మీద నడిపించింది. డిస్కులోని సరంజామా అంతా ఇప్పుడు నిద్రలో ఉంది. డి ని మొత్తంగా వెనక్కి జరపమంది. పచ్చటి గీత నత్తలా పాకడం మొదలైంది. మధ్యలో కరెంటు పోతే ఎక్కడివాళ్లు అక్కడ చెల్లాచెదురవుతారు. బ్యాటరీ పెట్టె ఉన్నా సరే, అల్లుడు స్విచ్చు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. పక్క గదిలోంచి ఎవరో ఛార్జరు పట్టుకుని వస్తే, "ఇక్కడ చెయ్యి పెడితే కరెంటు కాదు, నేనే షాకిస్తా" అన్నాడు.

"ఆగిపోయిందేమోనమ్మా? కదలట్లేదు చూడు."

"డ్రైవర్ని గోకకు. వెళ్లి పిల్లకి పాలు పట్టు."

కూతురు అటు వెళ్లగానే తనే వంగి తెరకు ముక్కు ఆనించి చూసుకుంది. రిపోర్టులు బయట భద్రంగానే ఉన్నాయి. భయమంతా సి గురించే, మళ్లీ దొరకని ఆ ప్రోగ్రాము ఉన్నది అందులోనే. డి వెనక్కి చేరాక, ఖాళీ వచ్చి సి పక్కన నిలబడ్డాక, గోడ జరిపే మీట మీద వేలు పెట్టి, లెక్క ఇంకోసారి సరిచూసుకుంది. తర్వాత నొక్కేసింది.

పని ముగిశాక పెన్‌డ్రైవ్ లాగేసి, కంప్యూటరును మళ్లీ వెలిగించింది. కూతురే కుర్చీ లాక్కుని ప్రోగ్రాము తెరిచింది. తెరుచుకుంది. పాత రిపోర్టులు, అమరికలు, తను పెట్టుకున్న గులాబీరంగు వెనకతెర, ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఒక్కరూ దిగలేదమ్మా" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"నా బస్సులో ఎవరు దిగారని!" అని జరగండమ్మ కొంగు సర్దుకుంది.

సాయంత్రం ఆ తల్లి బిడ్డను ఎత్తుకుని వచ్చింది. గది బయట బెంచీ నిండా మనుషులు. "జరగండమ్మా, చంటిబిడ్డ తల్లికి చోటివ్వండి" అన్న కేక విని అందరూ జరిగారు. లోపల బిడ్డ నిద్రపోయాక కూతురు బిరడా పెట్టింది. గీతలు ఒక్కొక్కటిగా పైకి లేచాయి, రెండు చెవులూ చక్కగా పలికాయి. ఎక్కడా ఆగలేదు. కూతురు వెనక్కి తిరిగి, ముందు ఆ తల్లికి, తర్వాత తలుపు దగ్గరున్న తన తల్లికి తలూపింది.

ఇన్నేళ్లలో ఎన్నడూ మెల్లగా అనని మాటను, బిడ్డ లేస్తుందేమోనని జరగండమ్మ ఆ రోజు గుసగుసగా అంది: "రైట్... రైట్."