సుంకానికి గడువు

తొంభైల మొదట్లో నేను ఫరీదాబాద్‌లో ఒక చిన్న బేరింగుల ఫ్యాక్టరీలో తనిఖీ ఇన్‌స్పెక్టర్‌ని. సీలింగ్ ఫ్యాన్లలో వేసే బేరింగులు చేసేవాళ్లం. మా ఆయన సైన్యంలో హవల్దారు. ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్స్ నుంచి బస్సులు మారి పనికి వెళ్లేదాన్ని.

మా బేరింగులు మోత చేసేవి. ఆ సంగతి యజమానికీ తెలుసు. లోహాన్ని నున్నగా అరగదీసే కొత్త గ్రైండింగ్ మెషిన్ కొందామంటే నవ్వేవాడు.

"ఎందుకు మేడమ్? బయటి సరుకు మీద అంత సుంకం ఉండగా ఫ్యాన్లవాళ్లు మనల్ని వదిలి ఎక్కడికి పోతారు?"

అంతలో ప్రభుత్వం దిగుమతి సుంకాలు తగ్గించడం మొదలుపెట్టింది. విదేశీ బేరింగులు బజారుకొచ్చాయి. చవక, పైగా చప్పుడు లేదు. మా ఆర్డర్లు పడిపోయి ఒక షిఫ్టు ఆపేశారు. ఆ షిఫ్టులో పనిచేసిన ఆడవాళ్లు గేటు దగ్గర నన్ను ఆపి, "దీదీ, మళ్లీ ఎప్పుడు పిలుస్తారు?" అని అడిగేవారు. యజమానికేమో ఉన్నట్టుండి దేశభక్తి పుట్టుకొచ్చింది.

ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో చిన్న పరిశ్రమలవాళ్లతో సమావేశం పెట్టారు. నమూనాలు పట్టుకుని నేనూ వెళ్లాను. విదేశీ సరుకు నాసిరకమనీ, సుంకం మళ్లీ పెంచాల్సిందేననీ మా యజమాని గట్టిగా మాట్లాడాడు. అధికారి నావైపు తిరిగాడు.

"పరీక్షించేది మీరేగా మేడమ్. నాసిరకమేనా?"

"కాదు సార్. మాదానికంటే బాగుంది. అయినా సుంకం ఒక్కసారిగా తీసేయకండి, మేం మెరుగుపడటానికి కొంత వ్యవధి కావాలి. కానీ దానికో గడువు పెట్టండి. లేకపోతే ఎవరూ మెషిన్ కొనరు. ఇంకోటి, మేం కొనే ఉక్కు మీద సుంకం బేరింగు మీదకన్నా ఎక్కువుంది. అంత ఖరీదు ఉక్కుతో చవక బేరింగు ఎలా చేస్తాం?"

తిరిగి వస్తుంటే కారులో యజమాని అడిగాడు. "మీకు జీతమిచ్చేది ఎవరు?"

"ఆ జీతం ఇంకా కొన్నాళ్లు రావాలనే చెప్పాను సార్."

ఆయన మెషిన్ కొననేలేదు. కొన్ని నెలలకు నా బల్ల మీదికి విదేశీ బేరింగుల పెట్టెలే వచ్చాయి. వాటిని మా డబ్బాల్లోకి మార్చి తనిఖీ ముద్ర వేయమన్నాడు.

"అందరూ చేస్తున్నదే మేడమ్."

"మనం చేసినవి కావు. వేయను."

"అచ్ఛా. అయితే రేపట్నించి రానక్కర్లేదు."

ముద్ర ఆయన ముందు పెట్టి వచ్చేశాను. ఇంట్లో మా ఆయన నెమ్మదిగానే అడిగాడు. "వేస్తే ఏం పోయేది?"

"వేస్తే ఇక బయటి సరుకే అమ్ముకుంటాడు. ఆపేసిన షిఫ్టు ఆడవాళ్లను మళ్లీ పిలవాల్సిన పనే ఉండదు ఆయనకి."

పాత ఫ్యాక్టరీ ఉన్న పేటలోనే మరో బేరింగుల ఫ్యాక్టరీ బ్యాంకు అప్పుతో మెషిన్ తెచ్చుకుంది. అక్కడ చేరాను. పాత షిఫ్టువాళ్లలో కొందరినే చేర్పించగలిగాను. అక్కడా మనుషులు తగ్గారు, కానీ ఫ్యాక్టరీ నిలబడింది.

విదేశీ సరుకే మనల్ని ముంచిందని ఎవరైనా అంటే ఈనాటికీ ఒప్పుకోను. సుంకాలు తీసేస్తే అంతా దానంతటదే బాగుపడుతుందన్నా ఒప్పుకోను. వచ్చినవాళ్లతో వాదనకు కూర్చుంటాను. ఇది ఇప్పట్లో తేలదని తెలిసి మా ఆయన టీ పెట్టడానికి లేస్తాడు.