బస్సులో పెట్టుకున్న సంఘం

మా వదినకి కోపం రాదు. ఆ లోటు నేను తీరుస్తుంటాను.

ఆమె కుట్టుపని చేస్తుంది. కిడ్నీలు పాడయ్యాక వారానికి రెండుసార్లు పట్నం ఆస్పత్రికి వెళ్ళి డయాలిసిస్ చేయించుకోవాలి. అందుకు దిక్కు పొద్దున వచ్చే బస్సొక్కటే. మాది చివరి ఊరు. బస్సు మా దగ్గర వెనక్కి తిరిగి, దారిలో మూడూళ్ళ వాళ్ళని ఎక్కించుకుని పోతుంది. వదిన ముందు సీట్లో కూర్చుని జాకెట్లకి హుక్కులు కుడుతూ ఎక్కిన ప్రతివాళ్ళనీ పలకరిస్తుంది. ఏ ఊళ్ళో ఎవరి కోడలికి నెలలు నిండాయో ఆ కోడలి అత్తకంటే ఈవిడకే బాగా తెలుసు.

నష్టమొస్తోంది, బస్సు ఆపేస్తామని డిపోవాళ్ళు చెప్పారు. నాలుగూళ్ళూ అర్జీలు పట్టుకుని పరిగెత్తాయి. అదీ ఎవరికి వారే! పక్క ఊరు మానేసి మా ఊరికి నడపండని ప్రతి ఊరూ రాసింది. మావాళ్ళూ తక్కువ తినలేదు. ఏమైందని అడగడానికి వెళ్ళిన వదినతో, "ఎవరికీ బస్సు అక్కర్లేదని మీరంతా కలిసి రాసిచ్చారు కదమ్మా" అని డిపో మేనేజరు నవ్వాడట. వింటుంటేనే నాకు ఒళ్ళు మండింది.

"నాలుగూళ్ళకీ కలిపి ఒక సంఘం పెట్టుకుందాం" అంది వదిన.

"ఈ మొహాలా? ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోవడానికే తెల్లారుతుంది" అన్నాను.

అదే జరిగింది. పొరుగూరికి వెళ్తే చులకనైపోతామని ఎవరూ కదల్లేదు. "అయితే బస్సులోనే మాట్లాడుకుందాం. అది ఎవరి ఊరూ కాదు" అంది వదిన. ఆమె ఆస్పత్రికి వెళ్ళే రోజున ఊరూరా పెద్దలు ఎక్కారు. సీటు దొరకనివాళ్ళు రాడ్డు పట్టుకుని నిలబడే పోట్లాడుకున్నారు. సంఘం పేరులో ఏ ఊరు ముందుండాలని రగడ. వెళ్ళేటప్పుడు ఒక ఊరి పేరు ముందు, వచ్చేటప్పుడు ఇంకో ఊరి పేరు ముందు అని సర్దబోయిన కండక్టరు అందరిచేతా చీవాట్లు తిన్నాడు. చివరికి ఏ ఊరి పేరూ లేకుండా "దారి ఊళ్ళ సంఘం" అని ఖాయం చేశారు.

ఊరికొకరు చొప్పున డిపోకి వెళ్ళారు. మా ఊరి తరఫున వెళ్ళిన వదినకి తోడుగా నేనూ వెళ్ళాను. ఈసారి మేనేజరు నవ్వలేదు, కుర్చీలు వేయించాడు. తీరా అంతా విని, "చివరి ఊరొక్కటి వదిలేస్తే నడపగలను. అక్కడ ఎక్కేది నలుగురే" అన్నాడు.

వదిన నెమ్మదిగా లేచింది.

"ఒప్పుకోండి. మూడూళ్ళకైనా ఉంటుంది. నేను పక్క ఊరిదాకా నడిచొస్తాను."

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు గుమ్మం నుంచి మంచం దాకా నడవలేని మనిషి! "నడుస్తావు, నీ బొంద!" అని అరిచాను. ఆఫీసని కూడా చూడకుండా ఏడ్చేశాను.

పట్నానికి దగ్గరి ఊరి పిండిమర బాబాయి కుర్చీలోంచి లేచాడు. మా ఊరికి బస్సు దండగని అర్జీ రాయించింది ఈయనే. నేనింకా మరిచిపోలేదు, ఆయనతో మాటలు కూడా మానేశాను.

"నువ్వు కూర్చోమ్మా" అని వదినని కసిరి, మేనేజరు వైపు తిరిగాడు. "మా పిండి బస్తాలూ, వీళ్ళ కూరగాయలూ ఇకమీదట ఆటోల్లో వెయ్యం సార్. టికెట్టు కొట్టించి మీ బస్సులోనే వేస్తాం. నడిపితే దారి మొత్తం నడపండి. లేకపోతే మాకూ వద్దు."

మిగతా ఇద్దరూ లేచి ఆయన పక్కన నిలబడ్డారు. మేనేజరు ఆలోచించి చెప్తానన్నాడు.

డిపో నుంచి ఏ కబురూ లేదు. బస్సు ఆపేస్తామన్న తారీఖునాడే మళ్ళీ ఆస్పత్రి రోజు వచ్చింది. చీకటితోనే స్టాపులో నిలబడ్డాం. వదిన దారివైపే చూస్తోంది. నేను నాలుగూళ్ళనీ తిట్టిపోస్తూనే ఉన్నాను, బస్సు లైట్లు కనబడేదాకా.

ఆ రోజు నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. వాళ్ళ ఊళ్ళో పిండిమర బాబాయి బస్తాలతో ఎక్కి, చోటు కోసం అటూ ఇటూ చూశాడు. జరిగి కూర్చున్నాను. నా ఉతికిన చీరకంతా పిండి అంటింది. నేనేమీ అనలేదు.

వదిన కుట్టడం ఆపి నా మొహంలోకి చూసింది.