చెరిగిన సుద్ద గుర్తు

దయ్యాలనూ భూతాలనూ నేను ఏనాడూ నమ్మలేదు. వాటికి భయపడే తీరిక కూడా మాకు ఉండేది కాదు. హైదరాబాదు శాలిబండలో మా అక్క భర్త యాదగిరి బావ, నేను నడిపిన రేడియో రిపేరు దుకాణంలో మనిషిని నిజంగా చంపగలిగే సామానే గోడవారగా పేర్చి ఉండేది.

అవి రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న పాత పరీక్ష యంత్రాలు. వాటితో ఇక ఎవరికీ పని లేదు కాని, లోపలి గాజు వాల్వులూ మీటర్లూ మాకు బంగారం. యాభైల్లో కొత్త వాల్వు కావాలంటే బొంబాయికి ఉత్తరం రాసి ఎదురుచూడాలి. అందుకని ఆ యంత్రాలు విప్పి, పనికొచ్చే ముక్కలు ఏరి రేడియోలకు వేసేవాళ్లం.

స్విచ్చి తీసేసినా వాటి లోపలి పెద్ద కండెన్సర్‌లో కరెంటు గంటలకొద్దీ నిలవ ఉంటుంది. అందుకే ముందు ఒక తీగ కొసను యంత్రం ఇనుప ఒంటికి బిగించి, రెండో కొసను కర్రపిడి స్క్రూడ్రైవర్‌కు చుట్టి, దానితో కండెన్సర్‌ను ముట్టించేవాళ్లం. కరెంటు ఉంటే టప్పుమని నిప్పురవ్వ లేచి ఖాళీ అవుతుంది. అప్పుడు దాని మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టాలి. ఆ గుర్తు లేనిదే ఎవరూ లోపల చెయ్యి పెట్టకూడదు. ఇది బావ పెట్టిన పద్ధతి.

నేను పెట్టిన గుర్తు మీద ఆయనకు నమ్మకం ఉండేది కాదు. బొటనవేలితో పైనుంచి కిందికి ఒక్క రుద్దు రుద్ది చెరిపేసేవాడు.

"ఏం తొందరరా నీకు? మళ్లా చూడు," అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒక ఎండాకాలం బావ గుండెజబ్బుతో దవాఖానలో పడ్డాడు. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీసే మిషన్ అక్కడ ఒకటుంది. ఆ గీత చూడకుండా మందు ఇస్తే ఉన్న ప్రాణం పోవచ్చన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే లోపలి వాల్వు ఒకటి మాడిపోయి ఆ మిషన్ మూలపడింది. దవాఖానలో కరెంటు పని చూసే గఫూర్ భాయ్ మాకు పాత స్నేహితుడు. పొద్దున్నే వాల్వు నంబరు రాసిన చీటీ పట్టుకుని దుకాణానికి వచ్చాడు.

"గిది బొంబాయి నుంచి రావాలంటే పది దినాలు పడ్తది శంకరన్నా. అన్ని దినాలు యాదగిరి భాయ్ ఆగుతడో లేదో డాక్టర్ సాబ్ చెప్తలేడు," అన్నాడు.

ఆ నంబరు వాల్వు మా దగ్గర ఒక్కటే ఉంది. కరెంటు అలలను తెర మీద గీతగా చూపే ఆకుపచ్చ రంగు మిలిటరీ యంత్రంలో. అది చాలా ఎక్కువ కరెంటుతో నడిచేది కాబట్టి, దాన్ని నేనొక్కణ్ణే విప్పకూడదని బావ గట్టిగా చెప్పి ఉన్నాడు. కాని ఇప్పుడు బావ కోసమే విప్పాలి. ప్లగ్గు పెట్టి చూశాం. వాల్వు ఎర్రగా వెలిగింది. ఈలోగా దవాఖాన మిషన్ విప్పి ఉంచుతానని గఫూర్ భాయ్ వెళ్లిపోయాడు.

ఎవరూ వచ్చి కదిలించకుండా వీధి తలుపుకు లోపల గడియ పెట్టాను. మధ్యాహ్నం కావస్తోంది. ప్లగ్గు పీకి, తీగ బిగించి, స్క్రూడ్రైవర్‌తో కండెన్సర్‌ను ముట్టించాను. ఏ చప్పుడూ రాలేదు. తొందరలో, ఖాళీగానే ఉందనుకుని సుద్దతో గుర్తు పెట్టాను. చేతులకు చెమట పడుతుంటే వెనక్కి తిరిగి, గోడకున్న తువ్వాలుతో తుడుచుకున్నాను.

మళ్లీ ఇటు తిరిగేసరికి గుర్తు లేదు. పైనుంచి కిందికి, బొటనవేలి మందాన, తెల్లటి చార ఉంది.

తలుపు వైపు చూశాను. గడియ వేసినట్టే ఉంది. తెలివితక్కువగా "బావా" అని పిలిచాను కూడా. వీధిలో బండి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఇంకో గుర్తు పెట్టి పని కానిద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. అప్పుడు తీగ వైపు చూశాను. దాన్ని ఆకుపచ్చ రంగు మీదే బిగించాను. రంగు గీకి కింది ఇనుముకు తగిలిస్తే తప్ప కరెంటు పోయే దారే ఉండదు. ఆ హడావిడిలో గీకడం మరిచాను. చప్పుడు రాకపోవడానికి కారణం అదే. చాకుతో గీకి, తీగ మళ్లీ బిగించి ముట్టించాను. పటాకా పేలినట్టు పేలింది. స్క్రూడ్రైవర్ మొన కరిగి నల్లబడింది. ఆ వాల్వు కండెన్సర్ వెనకే ఉంది. మోచేతి దాకా చెయ్యి దూర్చాల్సింది నేను.

వాల్వు తీసుకుని సైకిల్ మీద దవాఖానకు ఎలా చేరానో గుర్తు లేదు. సాయంత్రానికి మిషన్ నడిచింది. గీత చూసి డాక్టరు మందు మొదలుపెట్టాడు. ఆ రాత్రి అక్క వరండాలో నా పక్కన కూర్చుని మామూలుగానే ఒక మాట చెప్పింది.

"పగటీలి పన్నెండు గొట్టంగ మీ బావ నిద్దట్లనే చెయ్యి లేపి, మంచం ఇనుప పట్టీని బొటనవేలుతోని రుద్దిండురా. ఏంది అంటే పలుకలే."

తువ్వాలు కొస తగిలి గుర్తు చెరిగిందేమోనని తరవాత ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తువ్వాలు మేకుకే ఉంది, యంత్రానికి రెండడుగుల దూరంలో. అయినా అలాగే అనుకుందామని చూశాను. కుదరలేదు.

నెలన్నర తరవాత బావ దుకాణానికి వచ్చాడు. ఒక్క మరమేకు పోయినా నా ప్రాణం తీసే మనిషి ఆయన. విప్పి పడేసిన ఆ ఆకుపచ్చ యంత్రం ముందు కాసేపు నిలబడి, దాని మీద గోనెసంచి కప్పి, వచ్చి తన చోట కూర్చున్నాడు. ఎందుకు విప్పావని తిట్టలేదు. ఎలా తీశావని అడగలేదు. ఆ తరవాత చాలా ఏళ్లు పక్కపక్కనే కూర్చుని పనిచేశాం. ఎప్పుడూ అడగలేదు.

నేనూ చెప్పలేదు. చెబితే, "నాకెరికే" అంటాడేమోనని భయం.