అక్క దుబాయ్ లైసెన్సు

మా అక్క డ్రైవింగ్ నేర్చుకుంది గొర్రెల బండి మీద. మర్రిపాడు చుట్టుపక్కల ఊళ్లలో గొర్రెల్ని ఎక్కించుకొని ఆత్మకూరు సంతకు తోలేవాడు మా నాయన. ఆయనకు మోకాళ్ల నొప్పులు ముదిరాక స్టీరింగు అక్క చేతికొచ్చింది. మధ్యలో నేను, కిటికీ పక్కన నాయన. బండి గతుకులో పడినప్పుడల్లా "మెల్లిగామే, వెనకాల ఉండేవి సిమెంటు మూటలు కాదు" అనేవాడు.

కలువాయి ఊరి నుంచి వెళ్లిన ఒకామె దుబాయ్‌లో ఒక ఇంట్లో వంట చేస్తోంది. ఆ ఇంటి పిల్లల్ని బడికి తీసుకెళ్లడానికి ఆడ డ్రైవర్ కావాలని ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు అక్క సంతోషం పట్టలేక, కడిగిన బండినే మళ్లీ కడిగింది.

వీసా సంగతి కనుక్కుందామని ఉదయగిరిలో ఒక ఏజెంటును కలిసింది. పాస్‌పోర్టు, ఆధార్, లైసెన్సు ఫోటోలు వాట్సాప్‌లో పెట్టమన్నాడతను. మన లైసెన్సుతోనే అక్కడ బండి నడపొచ్చని కూడా చెప్పాడు. అక్క నమ్మి అన్నీ పంపింది.

మర్నాడు పొద్దున్నుంచే తెలియని నంబర్ల నుంచి ఫోన్లు. పని ఇప్పిస్తామని కొందరు, పెళ్లయిందా అని కొందరు. ఒకడైతే మా వీధి పేరు కూడా చెప్పాడు. ఏజెంటు ఆ ఫోటోల్ని, అక్క నంబరుతో సహా, ఏదో వాట్సాప్ గ్రూపులో పెట్టాడని వాళ్ల మాటల్లోనే తెలిసింది. అక్క ఫోన్ ఆపేసి, మంచం మీద అటు తిరిగి పడుకుంది.

"ఆ దుబాయ్ మనకొద్దులే అక్కా," అన్నాను.

నాయన ఒప్పుకోలేదు. "తప్పు చేసినోడు దర్జాగా షాపులో కూర్చోనుండాడు. మనమెందుకు దాక్కోవాల? లెయ్‌మే, బండి తియ్."

ముగ్గురం ఉదయగిరి వెళ్లాం. "అందరూ పంపిస్తారమ్మా, దాంట్లో ఏముండాది?" అని నవ్వాడు ఏజెంటు.

"నా మొగమూ, నా ఇంటి అడ్రసూ ఉండాయి," అంది అక్క. "వీసాకని ఇచ్చినాను. ఊరంతా పంచమన్నానా? నా ముందరే తీసెయ్."

గొణుక్కుంటూనే తీసేశాడు. అప్పటికే ఎవరెవరి ఫోన్లలో మిగిలిపోయాయో మాకు తెలియదు. అక్క నంబరు మార్చుకుంది. కలువాయి ఆమె మధ్యలో ఉండి ఆ ఇంటి యజమానురాలితో నేరుగా మాట్లాడించింది. అక్క అడిగిన మొదటి మాట, "నా పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటాది?" అని. నీ దగ్గరే ఉంటుందని యజమానురాలు చెప్పాకే కాగితాలు పంపింది.

తీరా వెళ్లాక, అక్కడే ఉండి పనిచేసేవాళ్లకు మన లైసెన్సు చెల్లదన్నారు. మళ్లీ క్లాసులు, మళ్లీ టెస్టు. మొదటిసారి తప్పింది. ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది.

"ఇక్కడ ఊరికే హారన్ కొట్టకూడదంట నాయనా. అలవాటుగా కొట్టేసినా."

"మరి గొర్రెలు అడ్డమొస్తే?"

"ఇక్కడ రోడ్డు మీదికి గొర్రెలు రావు."

"పాపం, ఏం దేశమో!" అన్నాడు నాయన. ఏడుస్తున్న అక్క ఫక్కున నవ్వింది.

రెండో టెస్టులో పాసయింది. అందరికీ చూపించుకుంటాను, లైసెన్సు ఫోటో పంపమన్నాడు నాయన. అక్క పంపనంది. వీడియో కాల్ చేసి కార్డు చూపించింది. నాయన కళ్లద్దాలు తుడుచుకొని మరీ చూసి, "అంతా బాగానే ఉండాది గానీ, నవ్వకుండా దిగినావేందిమే?" అన్నాడు.